పొద్దును అడగని జాతకం

వారానికొకసారి మా నాన్న గోడ గడియారానికి చావి ఇస్తాను. చావి తిరుగుతున్నంతసేపూ లోపల స్ప్రింగు కిరకిరమంటుంది. అద్దం తలుపు తీయగానే ఇత్తడీ పాత నూనే కలిసిన వాసన గుప్పుమంటుంది. ఇంట్లో అందరూ చేతిలో ఫోను పట్టుకుని తిరిగే ఈ రోజుల్లో ఆ గడియారం వంక చూసేవాళ్లు లేరు. నిజం చెప్పాలంటే నాకూ దానితో పని లేదు. ఆ వాసన కోసమే చావి ఇస్తానేమో. అది ముక్కుకు తగిలిందంటే చాలు, ఎదురింటి అరుగు మీద నుంచి ఒక గొంతు "ఎవరి గడియారమప్పా?" అని అడిగినట్లుంటుంది.

ఆ గొంతు నరహరి సిద్ధాంతిగారిది. జీవితమంతా పిల్లలకు లెక్కలు చెప్పి బతికానంటే అది ఆయన పెట్టిన భిక్ష. ఆయన జ్యోతిష్కుడు. జాతకాలు వేసే మనిషి దగ్గర లెక్కలు నేర్చుకున్నానని చెబితే తోటి టీచర్లు మూతి దాచుకుని నవ్వేవారు. నవ్వుకోనీలే అని ఊరుకునేదాన్ని. ఆయన్ను ఒక్కసారి చూసి ఉంటే నవ్వేవారు కాదు.

మాది బళ్లారి బజారులో బెల్లం మండీ. ముందు అంగడి, వెనక ఇల్లు. నాన్న తిప్పయ్య శెట్టి. మా ఇంటికి ఎదురుగా సిద్ధాంతిగారి ఇల్లు. అరుగు మీద చాప, చాప ముందు ఎర్రమన్నుతో అలికిన నేల, ఆ నేల మీద గవ్వలు. పంచాంగం లెక్కలన్నీ ఆయన గవ్వలతోనే కట్టేవారు. వరుసలుగా పేర్చి, ఒక వరుసలోంచి తీసి ఇంకో వరుసలో వేస్తూ, నోటితో ఏదో గొణుక్కుంటూ పోతుంటే చివరికి గ్రహం ఎక్కడుందో తేలేది. తేలాక అన్నీ కలిపేసి సంచిలో పోసేవారు. మనిషి బక్కపలచన. కోపం మాత్రం బాగా ఉండేది. ఎవరైనా వచ్చి "సుమారు ఎనిమిదింటికి పుట్టినాడు సామీ" అన్నారో, అయిపోయినట్లే.

"సుమారుగా ఎవరూ పుట్టరప్పా. పోయి కనుక్కోని రా" అని వాకిట్లోంచే పంపించేసేవారు.

కనుక్కొచ్చిన టైము చెబితే వెంటనే వచ్చే రెండో ప్రశ్న, ఎవరి గడియారం అని. దానికి కారణముంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సర్కారువారు దేశంలోని గడియారాలన్నిటినీ ఒక గంట ముందుకు జరిపించారు. రైలు, కచేరీ, ఆసుపత్రి కొత్త టైము ప్రకారం నడిచేవి. ఇళ్లలో చాలామంది పాత టైమే పెట్టుకున్నారు. మా తాతైతే ఈ గోడ గడియారం మీద చెయ్యి వేయనివ్వలేదట. "లడాయి సర్కారోళ్లది, నా గడియారమెందుకు ముందుకు ఉరకల్ల?" అన్నాడట. అందుకని ఆ యుద్ధం ఏళ్లలో పుట్టిన పిల్లల జాతకం వేయాలంటే, చెప్పిన టైము పాతదో కొత్తదో తేల్చుకోక తప్పదు. ఒక గంట తేడా వస్తే లగ్నమే మారిపోవచ్చు. యుద్ధం అయిపోయి ఎన్నో ఏళ్లు గడిచినా ఆ ప్రశ్న ఆయన నాలుకను వదల్లేదు. ఎవరైనా "ఫలానా వాడు అట్లా అన్నాడు" అని పుకారు మోసుకొచ్చినా "ఎవరి గడియారమప్పా అది?" అనేవారు.

నేను ఆయన అరుగెక్కింది గవ్వల మీద ఆశతో. ఆడుకోవడానికి నాలుగు గవ్వలు ఇమ్మని అడిగితే, "ఆడుకునేకి గాదు, కూడేకి అయితే ఇస్తా" అన్నారు. అట్లా కూడికతో మొదలై, పై తరగతులకు వచ్చేసరికి ఏ రోజు బళ్లారిలో పొద్దు ఎప్పుడు పుడుతుందో గవ్వలు పేర్చి చెప్పేదాన్ని. ఆడపిల్లకు ఇదంతా ఎందుకు సామీ అని పక్కింటివాళ్లు నసిగితే ఆయన తల కూడా ఎత్తలేదు.

"ఆడ చెయ్యో మగ చెయ్యో గవ్వలకు తెలుస్తాదా?" అన్నారు. ఆ మాటను నేను తర్వాత ఎంతమంది తండ్రుల మొహాన కొట్టానో లెక్కలేదు.

నేనూ ఆ యుద్ధం ఏళ్లలోనే పుట్టాను. నా జాతకం వేసింది కూడా ఆయనే. మిథున లగ్నం. ఏడో ఏట ప్రాణం మీదికి వచ్చే జబ్బు, తొమ్మిదో ఏట నీళ్ల గండం, పదహారు దాటాక చదువు ఆగిపోతుంది. పురుడైన కొత్తలోనే చెప్పిన మాటలివి. ఏడో ఏట నాకు టైఫాయిడ్ వచ్చి మనిషిని మనిషిగా మిగల్చలేదు. తొమ్మిదో ఏట కెంచనగుడ్డలో చుట్టాలింటికి వెళ్లినప్పుడు తుంగభద్ర ఒడ్డున కాలు జారి నీళ్లలో పడితే, బట్టలుతికే ఆమె జుట్టు పట్టుకుని లాగింది. దాంతో బజారులో నా జాతకం పేరు మోగిపోయింది. సిద్ధాంతిగారి గురి ఎంతటిదో చెప్పాలంటే అందరూ నన్నే చూపించేవారు. నాకూ అది గొప్పగానే ఉండేది, ఎస్సెల్సీ ఫలితాలు వచ్చేదాకా.

మార్కులు బాగా వచ్చాయి. హెడ్‌మిస్ట్రెస్ అంగడికి వచ్చి మరీ కాలేజీకి పంపమని నాన్నకు చెప్పింది. ఆమె వెళ్లాక నాన్న నన్ను పిలిచి మెల్లగానే చెప్పాడు.

"జాతకంలో లేని చదువుకు పంపి ఏం చేయాలమ్మా? రెండు మాటలు జరిగినాయి. మూడోది జరగకుండా పోతాదా?"

నాన్న దుర్మార్గుడు కాదు. నిజంగా నమ్మాడు. నమ్మినవాడితో వాదించడం కన్నా కష్టం ఇంకోటి లేదని నాకు ఆ రోజు తెలిసింది. వెళ్లి సిద్ధాంతిగారి ముందు ఏడ్చాను. ఆయన మొహం కూడా చిన్నబోయింది. "లెక్కలో వచ్చింది చెప్పినా పాపా. నీకోసమని లెక్క మార్చలేను గదా" అన్నారు. ఆ రోజు ఆయన మీద కోపం వచ్చింది. ఇవాళ తలుచుకుంటే మాత్రం, అప్పుడు ఒక్క అబద్ధం ఆడి నన్ను సంతోషపెట్టి ఉంటే, తర్వాత ఆయన చేసిన పనికి విలువే ఉండేది కాదనిపిస్తుంది.

ఆ వేసవిలోనే వర్తకుల హాలులో ఒక సభ పెట్టారు. జ్యోతిషం శాస్త్రమా, ఉత్త నమ్మకమా అని వాదం. ఒకవైపు కాలేజీకి కొత్తగా వచ్చిన ఫిజిక్సు మేష్ట్రు, ఇంకోవైపు మా సిద్ధాంతిగారు. సగం తెలుగు, సగం కన్నడం. ఇటు తిట్టినా అటు తిట్టినా అందరికీ అర్థమయ్యేది. మేష్ట్రు చక్కగా మాట్లాడాడు. గ్రహాలు ఎంత దూరంలో ఉన్నాయో, పసిబిడ్డ మీద వాటి ప్రభావం పడడానికి దారేదో చెప్పమని అడిగాడు. సిద్ధాంతిగారు దారి సంగతి నాకు తెలియదన్నారు. తెలిసింది చూపిస్తానని చెప్పి ఆడవాళ్ల వరుసలో కూర్చున్న నన్ను లేచి నిలబడమన్నారు.

"ఈ పాప పురిట్లో ఉన్నప్పుడే ఏడో ఏట జబ్బని, తొమ్మిదో ఏట నీళ్లని చెప్పినా. రెండూ జరిగినాయి. ఈ బజారే సాక్షి."

"టైఫాయిడ్ ఆ ఏడు ఊరంతా వచ్చింది కదా స్వామీ" అన్నాడు మేష్ట్రు.

"హౌదప్పా. నీళ్లలో గూడా ఊరంతా పడిందా?"

హాలు చప్పట్లతో అదిరిపోయింది. మేష్ట్రు ఏదో అనబోయాడు, ఎవరూ విననివ్వలేదు. మా నాన్న ముందు వరుసలో కూర్చుని తానే గెలిచినంత సంబరపడ్డాడు. నేను మాత్రం అంతమంది మధ్య నిలబడి, నా చదువును నా జాతకంతోనే పూడ్చేశారని అనుకున్నాను.

మర్నాడు వంటింట్లో మా అత్త, అంటే నాన్న అక్కయ్య, బియ్యం చెరుగుతూ సభ ముచ్చట అడిగింది. ఆమె మాతోనే ఉండేది. మిథున లగ్నమనీ, పొద్దున ఆరుంబావుకు పుట్టాననీ నేను విసుగ్గా చెబుతుంటే ఆమె చేట ఆపేసింది.

"పురుడు పోసేకి ఆసుపత్రి నుంచి వచ్చిన నర్సమ్మ ఆరుంబావు అని చెప్పింది నిజమే. అయితే అప్పటికి పొద్దు యాడ పుట్టింది? నేను లాంతరు పట్టుకోని నిలబడినా. నువ్వు కేర్‌మంటాంటే మసీదులో తెల్లారి బాంగు ఇనపడతాండాది. సాయిబుల పిలుపుకు, నీ ఏడుపుకు పోటీ అని నర్సమ్మ నవ్వె."

చేటలో బియ్యం చెరిగినంత మామూలుగా చెప్పిందామె ఆ మాట. నేను మాత్రం వెంటనే లెక్కలో పడ్డాను. పుట్టిన రోజుకు బళ్లారిలో పొద్దు ఎప్పుడు పుట్టిందో గవ్వలు లేకుండానే నోటితో కట్టాను. పాత టైము ప్రకారం ఆరు కాకముందే పొద్దు పుట్టాలి. ఆరుంబావుకు ఎండే వచ్చి ఉండాలి. తెల్లారి బాంగు పొద్దు పుట్టకముందు ఇచ్చేది. అంటే ఆ ఆరుంబావు మా గోడ గడియారానిది కాదు. నర్సమ్మ చేతి గడియారానిది, ఆసుపత్రిది, కొత్త టైము. అసలు నేను పుట్టింది అయిదుంబావుకు.

ఎదురింటికి వెళ్లడానికి నాకు ధైర్యం చాలలేదు. ముందురోజే ఊరంతా చప్పట్లు కొట్టిన మనిషి. అయినా వెళ్లి, చేతులు కట్టుకుని, అత్త చెప్పింది చెప్పినట్లు చెప్పాను. ఆయన కోప్పడలేదు. గవ్వల సంచి నా ముందుకు తోశారు.

"నోటితో గాదు. నేల మీద వేసి చూపించు."

వేశాను. ఆయన ప్రతి వరుసా చూశారు. ఒక్క గవ్వ కూడా జరపలేదు. చివరికి "మబ్బు రోజేమో. మబ్బుకు గూడా చీకటవుతాది" అన్నారు.

"మరి బాంగు, తాతా?" అన్నాను.

లేచి కండువా వేసుకున్నారు. "లెక్క నీది. నువ్వూ రా" అని నన్ను వెంటబెట్టుకుని మసీదు సందుకు నడిచారు. అప్పట్లో బాంగు చెప్పిన మస్తాన్ సాబు ముసలివాడై గుమ్మం నీడలో కూర్చుని ఉన్నాడు. సిద్ధాంతిగారు నిలబడే అడిగారు.

"లడాయిలో గడియారాలు ముందుకు జరిపినారు గదా సాబూ. నీ బాంగు గూడా జరిగిందా?"

"గడియారం జరిపినారు సామీ, ఆకాశాన్ని యాడ జరిపినారు? తూర్పున తెల్లగీత కనపడాల, బాంగు ఇయ్యాల. అష్టే."

"పొద్దు పుట్టినాక ఎప్పుడన్నా ఇచ్చినావా?"

"పొద్దు పుట్టినాక తెల్లారి బాంగేంది సామీ?" అని ఆయన నవ్వాడు. సిద్ధాంతిగారు ఆయనకు రెండు చేతులెత్తి దండం పెట్టారు. పంచాంగం రాసే మనిషి బాంగు చెప్పే మనిషి ముందు అట్లా నిలబడడం ఆ సందులో వాళ్లు వింతగా చూశారు. నాకు వింతగా లేదు. ఇద్దరూ ఆకాశం చూసి బతికినవాళ్లే కదా అనిపించింది.

అక్కడి నుంచి నేరుగా మా అంగడికి. నాన్న బెల్లం అచ్చులు చూపిస్తూ బేరంలో ఉన్నాడు.

"శెట్టీ, ఈ పాప పుట్టిన టైము నువ్వే వచ్చి చెప్పితివి. ఎవరి గడియారమని అడిగితే మా ఇంటిదే అంటివి. గడియారం చూసినావా?"

నాన్న ఆలోచించాడు. "చూళ్లేదు సామీ. లోపల నర్సమ్మ ఆరుంబావు అనింది, బయట ఇనపడింది. మా ఇంట్లో ఉండేది మా గడియారమే గదా అని..." అని ఆగిపోయాడు. ఆయనకు అప్పుడు అర్థమైంది. అందరూ చేసే పనే చేశాడు పాపం. విన్నదాన్ని చూసినట్లే అనుకున్నాడు.

తర్వాత రెండు రోజులు సిద్ధాంతిగారి తలుపు మూసే ఉంది. ఎవరొచ్చినా తీయలేదు. మూడో రోజు ఆయనే కాలేజీకి నడిచిపోయి ఫిజిక్సు మేష్ట్రును కలిశారు. మళ్లీ సభ పెట్టించమని అడిగారు. ఈసారి హాలులో జనం ఇంకా ఎక్కువ వచ్చారు. సిద్ధాంతిగారు ఇంకో దెబ్బ వేస్తారని వచ్చినవాళ్లే అందరూ. వద్దని చెప్పడానికి నాన్న ముందే ఆయన ఇంటికి వెళ్లాడు. "మన మధ్యనే ఉండే సంగతి సామీ, పోనీండి" అన్నాడు. "నేను చప్పట్లు నీ ఒక్కడి దగ్గర తీసుకోలేదు శెట్టీ" అన్నారాయన.

ఆ సాయంత్రం ఆయనే ముందుగా లేచి మాట్లాడారు. నేను ఆడవాళ్ల వరుసలోంచి చూస్తున్నాను.

"మొన్న ఈడ నిలబడి ఒక జాతకం చూపించి మీ దగ్గర చప్పట్లు తీసుకుంటి. ఆ జాతకం ఆ పాపది గాదు. ఒక గంట తప్పు. లగ్నం తప్పు. పొద్దు పుడితేనే వారం మారేది, అంతకుముందే పుట్టింది గాబట్టి వారం గూడా తప్పే. ఇప్పుడు సరైంది వేసి చూసినా. దాంట్లో ఏడో ఏట జబ్బు లేదు, తొమ్మిదో ఏట నీళ్లూ లేవు. తప్పు జాతకమే ఇన్నేండ్లు ఆ పాపకు సరిపోయింది. తప్పుడుది గూడా సరిపోతాదంటే, సరిపోయిందని చూపించేది రుజువు గాదు. నా రుజువు నేను వాపసు తీసుకుంటాండా."

హాలు వెనక నుంచి ఎవరో, శెట్టి తప్పు చెబితే తమరేం చేస్తారు సామీ అన్నారు.

"శెట్టిని అనొద్దు. పొద్దు పుట్టిందా లేదా అని ఒక మాట అడగాల్సింది నేను. గడియారాన్ని అడిగినా, పొద్దును అడగలేదు. ఇంకొకటి. ఈ తప్పు నేను పట్టుకోలేదు. నా దగ్గర నేర్చుకున్న ఆ పాప పట్టుకునింది."

అందరూ నా వైపు తిరిగారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో శాలువాలు కప్పించుకున్నాను, దండలు వేయించుకున్నాను. ఆ ఒక్క మాట ముందు అవన్నీ దిగదుడుపే. గురువు నలుగురిలో తన ఓటమి చెబుతూ, దాంట్లోనే శిష్యురాలి గెలుపు చెప్పడం అందరికీ దొరికే అదృష్టం కాదు.

ఫిజిక్సు మేష్ట్రు లేచాడు. "అయితే జ్యోతిషం శాస్త్రం కాదని ఒప్పుకున్నట్లే కదా?" అన్నాడు.

"నీ మాట నువ్వు రుజువు చేసుకోప్పా. నాది పోయిందని మాత్రం నేను చెప్తాండా."

మేష్ట్రు చేతులు జోడించి కూర్చున్నాడు. తర్వాత నాకు పాఠం చెప్పినప్పుడు, ప్రయోగం తప్పితే ఏం రాయాలి అని పిల్లలు అడిగిన ప్రతిసారీ ఆయన ఈ సభ సంగతే చెప్పేవాడు. అదే అసలైన శాస్త్రం, దాన్ని ఒక సిద్ధాంతి దగ్గర చూశాను అనేవాడు.

అసలు కథ ఇంకా ఉంది. సభ అయిపోయాక నాన్న హాలు మెట్ల మీదే సిద్ధాంతిగారిని పట్టుకున్నాడు. ఆశగా అడిగాడు, పాపం, నామీద ప్రేమతోనే.

"సామీ, సరైన జాతకం వేసినారు గదా. దాంట్లో చదువు ఉండాదా?"

ఉందని ఒక్క మాట అంటే చాలు, నాన్న రేపే కాలేజీకి తీసుకెళ్తాడు. సిద్ధాంతిగారు నా వైపు చూశారు, మళ్లీ నాన్న వైపు చూశారు.

"చెప్పను శెట్టీ."

"లేదా సామీ?"

"ఉందని గాదు, లేదని గాదు. చెప్పను. ఒకసారి చెప్పి ఈ పాపకు అడ్డం పడినా. మళ్లీ చెప్పి దారి చూపించినా అదే తప్పు. నా మాట మీద ఆపితివి. ఇప్పుడు ఆ మాట లేదు. ఆపేకి నీ సొంత మాట ఏదన్నా ఉంటే అది చెప్పి ఆపు."

నాన్న మెట్ల మీద నిలబడిపోయాడు. వెతుక్కున్నాడు. మా నాన్న దగ్గర బజారంతటి మాటలున్నాయి కానీ, నన్ను ఆపడానికి తనదైన మాట ఒక్కటీ లేదు. మర్నాడు పొద్దున తలపాగా చుట్టుకుంటూ "హెడ్‌మిస్ట్రెస్సమ్మ ఇంట్లో ఉంటాదా ఇప్పుడు?" అని అడిగాడు.

సిద్ధాంతిగారు ఆ తర్వాత ఎవరికీ ఫలం చెప్పలేదు. పంచాంగం లెక్కలు కట్టడం మాత్రం మానలేదు. తిథి ఎప్పుడు మొదలవుతుందో, గ్రహణం ఎప్పుడు పడుతుందో అడిగితే నిమిషాలతో చెప్పేవారు. జాతకమంటే "ఇంకో ఇంటికి పోప్పా" అనేవారు. అరుగు ముందు జనం పలచబడ్డారు. కొందరు ఆయనకు మతి చలించిందన్నారు. ఆయన మాత్రం మునుపటికన్నా సులువుగా నవ్వడం నేర్చుకున్నారు. కాలేజీ నుంచి వచ్చి ఆ రోజు లెక్కలు ఆయనకు చెబితే, గవ్వలు పక్కనబెట్టి శిష్యుడిలా వినేవారు. అర్థం కాకపోతే మళ్లీ చెప్పమనేవారు. అంత వయసు మనిషి అర్థం కాలేదని అంత తేలిగ్గా ఒప్పుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆయన పోయిన చాలా ఏళ్లకు, నేను కాలేజీలో లెక్కలు చెబుతున్న రోజుల్లో, మంచం పట్టిన నాన్న ఒకనాడు గోడ గడియారం వంక చూస్తూ అన్నాడు, "ఆ సరైన జాతకంలో ఏముండెనో, సామి చెప్పకనే పాయె."

పుట్టిన వేళ నాకు తెలుసు, ఊరు తెలుసు, లెక్క ఆయన నేర్పిందే. కూర్చుంటే అరగంట పని. ఆయన ఇచ్చిపోయిన గవ్వల సంచి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. చావి ఇచ్చి, గడియారం అద్దం తలుపు మూసేటప్పుడు అప్పుడప్పుడూ ఆ సంచి వైపు చూస్తాను. ఆ జాతకం ఇంతవరకూ వేసుకోలేదు.